కోర్నీ తాత యోర్దాను

యోర్దాను నది ఎక్కడుంది?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ తటాలున జవాబు చెప్పలేను. నేనేమీ చదువు రానిదాన్ని కాదు. ఊరి గ్రంథాలయం తాళంచెవి నా దగ్గరే ఉండేది, పటాలన్నీ తిరగేశాను. అయినా ఆ పేరు చెవిన పడితే చాలు, నా కళ్లకు కట్టేది ఫ్రీజన్ వాళ్ల ఆవుల కొట్టం వెనక రెల్లుగడ్డిలోంచి పారే సాగునీటి కాలువ. బాప్తిస్మమిచ్చే యోహాను ఆ గట్టు మీదే, బట్టలు ఉతుక్కునే కిర్గిజ్ ఆడవాళ్లని కాస్త పక్కకు జరగమని అడుగుతూ కనిపిస్తాడు. చేతిలో పటం ఉన్నా సరే, ముందు ఆ కాలువే వస్తుంది. ఈ పాపమంతా కోర్నీ తాతది.

కోర్నేలియస్ టేవ్స్ అనే ఆ పెద్దమనిషికి ఉన్న పిచ్చి ఒక్కటే. బైబిల్లో జరిగినదంతా కిర్గిజ్ దేశంలో మా జర్మన్ కుటుంబాలు స్థిరపడ్డ ఈ చూయ్ లోయలోనే జరిగిందంటాడు. వాదించడు. నిన్న సంతలో ఎవరెవరిని చూశాడో చెప్పినట్టు మామూలుగా చెప్పుకుపోతాడు. నోవహు ఓడ ఆగింది మా ఎదురుగా ఉన్న ఆలాతూ కొండ మీద. ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్య అంటే సమష్టి వ్యవసాయ క్షేత్రం పాకలో పశువులు నాకే ఉప్పు బండ. ఆవిడని ఆవులు ఏటికేడు కరిగించేస్తున్నాయని ఆయన నిజంగానే జాలిపడేవాడు. అబ్రాహాము కొండలవతల నారిన్ వైపువాడు. ఎండాకాలం గొర్రెల్ని పైకి తోలుకుపోయి అక్కడే డేరా వేసేవాడు.

"అంటే అబ్రాహాము కిర్గిజ్ వాడా తాతా?" అని మా అబ్బాయి రూడీ అడిగాడొకసారి.

"డేరాలో ఉంటాడు, గొర్రెల్ని మేపుతాడు, గుమ్మంలోకొచ్చిన వాడికి కడుపునిండా పెట్టందే పంపడు. జర్మన్ వాడెలా అవుతాడ్రా?"

ఆయన మా ఆయన ఫ్రాంజ్‌కి మేనమామ. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. కాలువల తూములు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. అందుకని లోయలో ఆయనకు తెలియని గట్టు లేదు, తొక్కని గుంత లేదు. ఒంటి మీద ప్రార్థనా మందిరానికి వేసుకునే నల్లకోటు, నెత్తిన కిర్గిజ్ వాళ్ల తెల్ల ఉన్ని టోపీ. దూరం నుంచి చూస్తే మంచు కప్పిన చిన్న కొండ సైకిలెక్కి వస్తున్నట్టుండేది.

మా వాళ్లలో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన తప్పదు. ఇంటాయన వాక్యం చదవాలి. అందరూ కుర్చీల వైపు తిరిగి మోకాళ్లూనాలి. ఆమెన్ అన్నాకే గిన్నె మూత తియ్యాలి. పిల్లలకి ఇంట్లో పల్లె జర్మన్ యాస, వీధిలో రష్యన్ మాట. బైబిల్లోదేమో ముత్తాతల నాటి బరువైన జర్మన్. పైగా మా ఫ్రాంజ్ పాల లారీ నడిపేవాడు. బైబిలూ అలాగే చదివేవాడు, గుంతలొచ్చినా, మలుపులొచ్చినా వేగం తగ్గించకుండా. పెళ్లినాడు ఆదికాండం మొదటి వచనంతో బయలుదేరిన మనిషి రూడీ పుట్టేసరికి లేవీయకాండంలో ఉన్నాడు. వాడికి పళ్లొచ్చేసరికీ అందులోనే ఉన్నాడు. మధ్యలో ఏదో బండి చెడినట్టుంది.

కుష్ఠుపొడల గురించి యాజకుడు ఏం చేయాలో ఆయన చదువుతుండగా రూడీ ముక్కులోకి చిక్కుడుగింజ తోసుకున్నాడు. దాన్ని బయటికి తీయించడానికి ప్రార్థన మానేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. మా చిన్నది లోరా బైబిలు నల్ల అట్ట కనబడగానే బల్ల కిందికి దూరేది, పిల్లికూన వానని చూసినట్టు. నాకు మనసు చివుక్కుమనేది. నేను ఆ పుస్తకాన్ని ప్రేమించినట్టే నా పిల్లలూ ప్రేమించాలని నా ఆశ. వాళ్లకేమో అది, బీట్‌రూట్ పులుసు బోర్ష్‌ని చల్లారబెట్టే వస్తువు.

"మా మామయ్యని పిలుద్దాం," అన్నాడు ఫ్రాంజ్.

"ఆయనొస్తే వాక్యం ఉండదు, వింత ఉంటుంది."

"వింతే కానీలే యుస్తీనా. పిల్లలు కనీసం బల్ల దగ్గర ఉంటారుగా."

వచ్చాడు. వస్తూనే కుర్చీలన్నీ కిటికీ వైపు తిప్పాడు.

"రూడీ, ఆ మిల్లు కనపడుతోందా? దాని పక్కన గొయ్యి?"

"ఆఁ."

"దానియేలుని పడేసింది అందులోనే."

"అక్కడ సెమ్యోన్ వాళ్ల కుక్క ఉంటుంది తాతా!"

"ఉంటుంది మరి. అదెవరనుకున్నావు? ఆ సింహాల వంశమే. దాని ముత్తాతలు దానియేలు ముందు రాత్రంతా నోరు మూసుకుని పడుకున్నారు. ఆ సిగ్గు దీనికింకా పోలేదు. అందుకే దారిన పోయేవాళ్ల మీద అంత మొరుగుతుంది."

రూడీ కళ్లు ఇంతింత చేసుకుని విన్నాడు. లోరా బల్ల కింది నుంచి తల బయటపెట్టింది. నాకు మాత్రం ప్రాణం ఒప్పలేదు.

"మామయ్యగారూ, దానియేలు ఉన్నది బబులోనులో కదా."

"అవునా? ఎటువైపు తల్లీ?"

"చాలా దూరం."

"అంత దూరంలో ఉంటే వీళ్లకేం పనికొస్తాడమ్మా? బోర్ష్ ఇంకో గరిటె వెయ్యి."

అప్పటి నుంచి సాయంత్రానికి రెండు మూడిళ్ల చొప్పున తిరుగుతూ మా ఇంటికీ వచ్చేవాడు. ఆయన వచ్చే రోజున నా పిల్లలు చెప్పకుండానే చేతులు కడుక్కుని కూర్చునేవారు. ఆయన రాని రోజున ఫ్రాంజ్ చదువుతుంటే, "నాన్నా, ఇది ఏ వీధిలో జరిగింది?" అని అడిగేవారు. లేవీయకాండం ఏ వీధిలో జరిగిందో ఆయన పాపం ఏం చెబుతాడు?

ఆ వసంతంలో మా ఇంటికి ఇర్మా వచ్చింది. ఫ్రాంజ్ చెల్లెలి కూతురు. వాళ్లమ్మ చలికాలంలో, ఎక్కడో దూరాన కరగండా పట్నంలో పోయింది; తండ్రి అంతకు చాలా ముందే ఎటో వెళ్లిపోయాడు. తోక్మోక్ పట్నం నుంచి వచ్చే సాయంత్రం బస్సులోంచి ఫ్రాంజ్ ఆ పిల్లని దింపుకొచ్చాడు. ఇంచుమించు రూడీ వయసే. పెద్దవాళ్ల కోటు కత్తిరించి కుట్టిన నీలం కోటు, గడ్డం దాకా గుండీలు.

"ఇల్లు వెచ్చగా ఉంది కదా, కోటు తీసెయ్యి తల్లీ."

"వద్దత్తా. మళ్లీ వెళ్లాలి కదా."

ఎక్కడికి అంటే చెప్పదు. ఏడవదు, మారాం చెయ్యదు, పెట్టింది తింటుంది. కోటు మాత్రం విప్పదు. దానితోనే పడుకుంటుంది. సాయంత్రం బస్సు వచ్చే వేళకు వెళ్లి స్టాపులో నిలబడుతుంది. ఎవరెవరో దిగుతారు, బస్సు పై ఊరికి వెళ్లిపోతుంది, అప్పుడు తిరిగొస్తుంది. సరిగ్గా అదే మా ప్రార్థన వేళ. వచ్చినా బల్ల దగ్గరికి రాదు. బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న చుట్టంలా గుమ్మం పక్క పీట మీద కూర్చుంటుంది. ఒకనాడు బస్సెక్కేసింది కూడా. డ్రైవరు సాపార్ పై ఊరి దాకా వెళ్లాక వెనక సీట్లో చూసి, తిరుగు ప్రయాణంలో తెచ్చి మా గేటు ముందు దింపాడు.

"వదినా, మీ పిల్ల," అన్నాడు.

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. మా పిల్లేనా? ఈ పిల్ల ఎప్పటికైనా మా ఇంటి పిల్ల అవుతుందా, కోటు గుండీలు పెట్టుకుని ఇలాగే గుమ్మంలో పెరుగుతుందా?

"మామయ్యగారూ, దానికి ఏదైనా కథ చెప్పండి," అన్నాను కోర్నీ తాతతో.

"వెతుకుతున్నాను తల్లీ. దొరకలేదు."

"దొరక్కపోవడమేమిటి, బైబిలు నిండా కథలేగా?"

"కథ కాదమ్మా. చోటు."

నాకు అర్థం కాలేదు. ముసలాయనకి మతి తప్పుతోంది కాబోలు అనుకున్నాను. ఈలోగా ఇంకో గొడవ వచ్చి పడింది.

ఆదివారపు బడిలో టీచరమ్మ పిల్లల్ని తేలిక ప్రశ్న అడిగింది: "చేప కడుపులోంచి యోనా ఎక్కడ బయటపడ్డాడు?"

"మా బంగాళాదుంపల నేలమాళిగలో," అన్నాడు మా వీధిలోని తీనా కొడుకు ఎడిక్.

"గాడిదా, నేలమాళిగలో చేపెక్కడుందిరా?" అన్నాడు మా రూడీ.

"మీ మిల్లులో సింహాలెక్కడున్నాయిరా మరి?"

అక్కడి నుంచి మాట గొల్యాతు మీదికి మళ్లింది. గొల్యాతు మా సందు చివర పడ్డాడంటే మా సందులో పడ్డాడని నలుగురు లేచారు. దావీదు వడిసెల ఎలా తిప్పాడో ఒకడు చూపించబోయాడు. బడి ముగిసేసరికి ఒకడి ముక్కు వాచింది, కీర్తనల పుస్తకం పొయ్యి వెనక దొరికింది.

సంఘ పెద్ద గెర్హార్డ్ పెన్నర్ గారు మంచివారే, కానీ నవ్వితే పాపమేమో అన్నట్టుండేవారు. ఆరాధన అయ్యాక తల్లులందరినీ కూర్చోబెట్టారు. కోర్నీ తాతని ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"దావీదు చంపింది ఒక్క గొల్యాతునయ్యా కోర్నేలియస్! మన ఊళ్లో సందుకొక శవం ఏమిటి? ఇలాగైతే ఇక నువ్వు ఎవరింట్లోనూ వాక్యం దగ్గర నోరు తెరవకూడదు. అమ్మా, మీ ఇళ్లలో ఏమేం చెప్పాడో ఒక్కొక్కరే చెప్పండి. అందరూ వినాలి."

తీనా లేచింది. "యోనా మా నేలమాళిగలో ఉన్నాడని చెప్పాడండి."

"విన్నారా? నేలమాళిగే ఎందుకు?"

"ఏమోనండి. మా ఎడిక్‌కి అదంటే చచ్చే భయం. మెట్టు దిగేవాడు కాదు. ఇప్పుడు దుంపలు వాడే తెస్తున్నాడు. దిగేముందు, 'యోనా, ఉన్నావా?' అని కేకేస్తాడు..." అంటూనే తీనా ఆగిపోయింది. తను చెప్పింది తనే అప్పుడు విన్నట్టు మెల్లగా కూర్చుంది.

నా వంతు వచ్చింది. దానియేలు, మిల్లు, కుక్క అని చెప్పబోయి నేనూ ఆగాను. మా రూడీ ఆ కుక్కకు జడిసి మిల్లు దారి వదిలేసి, పొలాల చుట్టూ తిరిగి, కాళ్ల నిండా బురదతో బడికి వెళ్లేవాడు. వాడి బూట్లకి బురద ఉండటం ఎప్పుడు మానేసింది? రోజూ కడిగే నేను గమనించనే లేదు.

గొల్యాతు తల్లులు నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ సందుల చివరే కదా పెద్ద పిల్లలు కాపేసి చిన్నవాళ్ల టోపీలు లాక్కునేది.

అప్పుడు పెన్నర్ గారి కోడలు నెమ్మదిగా, "మామయ్యా, మనింట్లో కూడా..." అంది.

"మనింట్లోనా? ఎప్పుడు?"

"మీరు సాయంత్రాలు సంఘం పనుల మీద తిరుగుతుంటారు కదా. మన చంటిది కాలువలో జారినప్పటి నుంచి నీళ్లంటే కెవ్వుమనేది కదండీ, స్నానం కూడా చేయించనిచ్చేది కాదు. మోషే బుట్ట తేలింది ఆ కాలువలోనేనని కోర్నీ తాత చెప్పారు. ఇప్పుడు స్నానాల తొట్టిలో బొమ్మని బుట్టలో పెట్టి తేలుస్తోంది. తొట్టిలోంచి లేవమంటే లేవడం లేదు."

పెన్నర్ గారు కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ తుడిచారు. ఆ అద్దాల మీద అంత దుమ్ము ఎక్కడిదో మరి.

"కోర్నేలియస్, ఇవన్నీ నువ్వు తెలిసే చేశావా?"

"ఏమో గెర్హార్డ్. ఆ దూరదేశాల పేర్లు నాకు గుర్తుండి చావవు. తెలిసిన చోట పెట్టుకుంటాను."

"సరే, సరే. కానీ గొల్యాతుని మాత్రం ఏదో ఒక్క సందులో పడెయ్యి."

"పిల్లలు అన్ని సందుల్లోనూ ఉన్నారే!"

పెన్నర్ గారి మీసం కింద ఏదో కదిలింది. నవ్వేనని నేను ప్రమాణం చేయలేను. "యెరూషలేము జోలికి మాత్రం పోకు," అని లేచిపోయారు.

ఇంటికి వస్తూ దారంతా నేను ఒకటే అనుకున్నాను. చోటు వెతుకుతున్నానన్నాడు. ఇర్మా భయం ఎక్కడుందో వెతుకుతున్నాడన్నమాట.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, బస్సు రావడానికి ముందే, సైకిల్ మా గోడకి ఆనించాడు. ఇర్మా అప్పటికే స్టాపుకి వెళ్లిపోయింది.

"ఫ్రాంజ్, బల్ల ఆ చివర పట్టుకో."

"ఎక్కడికి మామయ్యా?"

"బయటికి. యుస్తీనా, గిన్నె జాగ్రత్త. రూడీ, నువ్వు బైబిలు. లోరా, నువ్వు బన్నులు, దారిలో తినకు."

అలా బయల్దేరాం. ముందు బల్ల, వెనక బోర్ష్, ఆ వెనక వాక్యం. ఆ రోజుల్లో మా ఊళ్లో ఇంటికొకరు జర్మనీకి ప్రయాణం కడుతున్నారు. తీనా గేటు మీంచి వంగి చూసింది.

"అయ్యో యుస్తీనా, మీరూ వెళ్లిపోతున్నారా? మాటమాత్రం చెప్పలేదే!"

"స్టాపు దాకానే వదినా."

"బోర్ష్ తోనా?"

"వేడి మీదుందని."

స్టాపులో, పోప్లారు చెట్ల కింద బల్ల దించాం. ఇర్మా నీలం కోటులో బెంచీ చివర నిలబడి మమ్మల్ని వింతగా చూసింది. కోర్నీ తాత ఆ పిల్ల వంకే చూడలేదు. కూర్చుని, టోపీ సర్దుకుని, ఊరికి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"కోతల రోజులు. ఇదిగో, ఈ స్టాపులోనే బస్సు ఆగింది. రూతు దిగింది."

అప్పుడే నిజమైన బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఇర్మా తలెత్తింది. మూటలతో ఒక కిర్గిజ్ ముసలమ్మ దిగింది. ఆవిడ వెనక ఎవరూ లేరు.

"రూతు ఎక్కణ్ణుంచి వచ్చింది తాతా?" అడిగాడు రూడీ.

"ఎక్కణ్ణుంచేమిటి? కరగండా నుంచి."

"కాదు," అంది ఒక చిన్న గొంతు.

అందరం అటు తిరిగాం, కోర్నీ తాత తప్ప. ఆయన బన్ను తుంచుకుంటున్నాడు.

"మోయాబు నుంచి," అంది ఇర్మా. "బస్సులో కాదు, నడిచి. ఒక్కతే కాదు, వాళ్లత్తతో."

"నేను విన్నది కరగండా అనే."

"తప్పు. మా అమ్మ చెప్పింది. రోజూ చెప్పేది."

కోర్నీ తాత బన్ను కింద పెట్టేశాడు. "మీ అమ్మ చెప్పిందా? అయితే నా మాట చెల్లదు. మిగతాది నాకు తెలీదు తల్లీ. నువ్వే కానివ్వు."

ఇర్మా ఒక అడుగు వేసింది. తర్వాత ఇంకొకటి. బల్ల అంచు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది, మొదట గొంతులో, తర్వాత పైకి. కరువు, రూతు అత్త నయోమి, పోయిన ఆవిడ కొడుకులు. మూటల ముసలమ్మ వెళ్లడం మానేసి బెంచీ మీద కూర్చుంది. సాపార్ ఇంజను ఆపి దిగొచ్చాడు. ఒక గిన్నె బోర్ష్ ఆయన చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"సాపార్! బండి తీస్తావా, మమ్మల్నే తొయ్యమంటావా?" లోపలి నుంచి అరిచారు.

"ఉండండర్రా! అత్త వెళ్లిపొమ్మంటోంది, కోడలు పోనంటోంది. ఏమవుతుందో విననివ్వండి."

"పోనందా కోడలు?" అని ముసలమ్మ బుగ్గన వేలేసుకుంది. "మాకూ వచ్చారమ్మా కోడళ్లు!"

"ఎందుకు వెళ్లలేదు?" అంది లోరా.

ఇర్మా ఆలోచించింది. "వెనక్కి వెళ్తే అక్కడెవరూ లేరు కదా."

"మరిక్కడ?"

ఇర్మా చుట్టూ చూసింది. ఫ్రాంజ్, రూడీ, గిన్నె పట్టుకున్న సాపార్, కళ్లు తుడుచుకోవడానికి గరిటె ఏ చేతిలోకి మార్చుకోవాలో తెలియని నేను. లోరా తనకోసం దాచుకున్న, పెద్ద ఉండ మీద చిన్న ఉండ పెట్టి కాల్చిన రెండంతస్తుల బన్ను తీసి, పై అంతస్తు ఇర్మాకి ఇచ్చింది. దాన్నిబట్టి లోరాకి విషయం ఎంత పెద్దదిగా తోచిందో మీరే ఊహించుకోండి.

"పేలాలు కూడా పెట్టారు," అంది ఇర్మా నోటినిండా బన్నుతో. "ఆ పొలం ఆసామి బోయజు పెట్టాడు. కడుపునిండా తింది, ఇంకా మిగిలాయి." గడ్డం దగ్గర గుండీ విప్పింది. కిందిది విప్పింది. "ఉక్కగా ఉందత్తా," అని కోటు తీసి, పొలం పనిలో చేతులకు అడ్డమొస్తుందన్నట్టు నా ఒళ్లో పడేసి, రూడీ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. "తర్వాత బార్లీ కోతలు..."

సాపార్ బస్సు పైకి వెళ్లిపోయింది. ఆ పిల్ల తలెత్తి కూడా చూడలేదు. కథ మధ్యలో చూపు తిప్పుకునే తీరిక ఎవరికుంటుంది? మోకాళ్లూనడానికి కుర్చీలు తెచ్చుకోలేదని ఆ పూట బెంచీకి అటూ ఇటూ ఆనుకుని ప్రార్థన చేశాం. ముసలమ్మ కూడా తన పద్ధతిలో అరచేతులు మొహం మీదుగా దించుకుంది.

ఆమెన్ అని కళ్లు తెరిస్తే కోర్నీ తాత లేడు. ఆయన గిన్నె ఖాళీగా ఉంది. "మామయ్యా!" అని ఫ్రాంజ్ గట్టిగా కేకేశాడు. సైకిలు అప్పటికే కాలువ గట్టెక్కింది. ఆ తెల్ల టోపీ రెల్లుగడ్డి మీదుగా, ఒక్కసారైనా వెనక్కి తిరక్కుండా, పక్క వీధిలో ఏ ఇంట్లోనో బల్ల దగ్గర తన కోసం చేతులు కడుక్కుని కూర్చున్న పిల్లల వైపు వెళ్లిపోయింది.